నిలువెత్తు చిత్తరువు పని డైరీ: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు, 7 × 4 అడుగుల తైలవర్ణం

తల, భుజాల వరకు చక్కగా గీసేవాళ్లు కూడా నిలువెత్తు బొమ్మకు దిగగానే దాదాపు ఒకే చోట్ల తప్పుతారు. పాదాలు నేలమీద ఆనవు. బట్టలు ముఖాన్ని మింగేస్తాయి. ఫొటోలోని వెలుగు ఒకటి, మోడల్ మీద పడ్డ వెలుగు ఇంకొకటి అవుతుంది. ఈ పనిలో ఆ మూడూ జరిగాయి. ఎక్కడ ఎంత తేడా వచ్చింది, ఎలా దిద్దాం అన్నది కొలతలతో సహా రాస్తున్నాం. ప్రతి దశ చివర గంటలు, రూపాయలు కలిపి చూపించాం.

దశ 0: కుంచె పట్టకముందు తేల్చుకున్నవి

జీవరసాయన శాస్త్రవేత్త సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు, 1948లో అమెరికాలో పోయారు. ఆ 53 ఏళ్లలో ఏ వయసు గీయాలి? 1925 నాటి హార్వర్డ్ యువకుడా, 1940లో మందుల కంపెనీ లెడర్లీ ప్రయోగశాలల్లో చేరి పరిశోధన నడిపించిన మనిషా? చేతికి అందిన ఫొటోల్లో స్పష్టమైనది రెండో కాలానిది. అందుకే 50 ఏళ్ల వయసు ఖాయం చేశాం. ఫొటోలో ఉన్నది తల, భుజాలే. కాళ్లు, చేతులు, నిలబడే తీరు అన్నీ మోడల్ మీంచి తెచ్చుకోవాల్సిందే.

మెడలో స్టెతస్కోపు వద్దనుకున్నాం. మొదటి స్కెచ్‌లో బల్లమీద మైక్రోస్కోపు పెట్టి, తర్వాత తీసేశాం. వైద్యుల చిత్తరువుల్లో అలవాటుగా వచ్చేవి అవి. ఈయన పని నిలబడింది రంగును కొలవడం మీద. 1925లో హార్వర్డ్ సహచరుడు సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్షలో మాలిబ్డేట్ అనే రసాయనం, ఆపైన క్షయకరణ చేసే ఇంకో రసాయనం చేరాక ద్రావణం నీలంగా తిరుగుతుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉందో తెలిసిన ద్రావణంతో పోల్చి చూస్తే ఫాస్ఫరస్ ఎంతుందో తేలుతుంది. ఒంట్లో శక్తిని మోసే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ ఆ బాటలోనే బయటపడ్డాయి. అందుకే బల్లమీద డుబాస్క్ కలరీమీటర్ (రెండు ద్రావణాల రంగును పక్కపక్కన పోల్చే పరికరం), దాని రెండు గాజు గిన్నెల్లో నీలి ద్రావణం. పక్కన గాజు పళ్లెంలో పసుపు నారింజ పొడి, అది ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం. 1947 నాటి హెట్రజాన్ మాత్రలు కూడా పెట్టాలని ఉంది. బోదకాలుకు మన జిల్లాల్లో ఇంటింటికీ పంచుతూ వచ్చిన డీఈసీ మాత్ర అదే. కానీ బొమ్మను చూసే 5 మీటర్ల దూరం నుంచి 4 సెం.మీ. కంటే చిన్న వస్తువు ఏమిటో తెలియడం లేదు. కాగితం మీద అసలు కొలతకు గీసి, గోడకు అంటించి చూసి వదిలేశాం.

దశ 1: చట్రం, కేన్వాసు (రోజు 1–9)

కేన్వాసు 213 × 122 సెం.మీ. ముందుగా బొమ్మ వేలాడే హాలుకు వెళ్లే దారిలో మెట్ల మలుపు, తలుపు కొలుచుకోండి. పూర్తయిన బొమ్మను చట్రం నుంచి విప్పి చుట్టడం రంగుకు మంచిది కాదు.

ఎండిన టేకు బద్దలు తీసుకున్నాం. వెడల్పు 6 సెం.మీ., మందం 3.5 సెం.మీ. మధ్యలో ఒకే అడ్డబద్ద వేశాం. చాలలేదు. గుడ్డ బిగించాక పై అంచు నుంచి 50 సెం.మీ. దగ్గర, కింది అంచు నుంచి 50 సెం.మీ. దగ్గర వెడల్పు 121.2 వచ్చింది. నిలువు బద్దలు రెండు చోట్లా లోపలికి వంగి 8 మి.మీ. తగ్గింది. గుడ్డ మొత్తం విప్పి, అడ్డబద్దలు మూడు చేసి, వాటిని కలుపుతూ మధ్యలో నిలువు బద్ద ఒకటి బిగించాం. తేడా 1 మి.మీ.కి దిగింది.

రెండోసారి చేసిన వరుస:

1. బద్దల ముందు వైపు లోపలి అంచును చిత్రికతో ఏటవాలుగా చెక్కాలి. గుడ్డ బయటి అంచుకు మాత్రమే తగలాలి. లేకపోతే కొన్నాళ్లకు బద్ద గీత బొమ్మ మీద తేలుతుంది.
2. మూలమట్టం ఒక్కదాన్నే నమ్మకుండా కర్ణాలు కొలవాలి. మొదట 245.9, 245.0 వచ్చాయి. ఎక్కువ ఉన్న మూలమీద రబ్బరు సుత్తితో తట్టాక 245.5, 245.4.
3. లినెన్ గుడ్డ 230 × 140 సెం.మీ. నాలుగు వైపులా నడిమి నుంచి మొదలుపెట్టి మూలలకు, 5 సెం.మీ.కు ఒక పిన్ను.
4. పీవీఏ సైజు (నూనె గుడ్డలోకి ఇంకకుండా పూసే కృత్రిమ జిగురు) రెండు పూతలు. జంతుచర్మపు జిగురు వాడలేదు. వానాకాలంలో అది తేమ పీల్చి సాగుతుంది, ఎండాకాలంలో బిగుస్తుంది. ఇంత పెద్ద గుడ్డ మీద ఆ లాగుడుకు రంగు పగులుతుంది.
5. యాక్రిలిక్ జెస్సో (రంగు పట్టడానికి వేసే తెల్లటి అడుగుపూత) నాలుగు పూతలు. ఒకటి నిలువుగా, తర్వాతది అడ్డంగా. పూతపూతకీ మధ్య సన్నటి ఉప్పు కాగితం.
6. చివర రా అంబర్, తెలుపు కలిపిన యాక్రిలిక్ పల్చటి పూత. నలుపు 0, తెలుపు 10 అనుకుంటే ఈ నేలరంగు 5 దగ్గర ఉండాలి.

*ఇప్పటిదాకా: 14 గంటలు. టేకు 4,200, లినెన్ 6,500, జిగురు, జెస్సో, పిన్నులు 2,300. మొత్తం రూ. 13,000.*

దశ 2: మోడల్, బట్టలు, ఆధార ఫొటోలు (రోజు 10–16)

బొమ్మలో మనిషి ఎత్తు 165 సెం.మీ., తల 22 సెం.మీ. అంటే ఏడున్నర తలలు. పైన 26, కింద 22 సెం.మీ. ఖాళీ. అసలు కొలతకు మించి గీస్తే హాల్లో మనిషి రాక్షసుడిలా కనిపిస్తాడు. 

మొదటి ఫొటోలు ఫోన్‌తో తీశాం. దూరం 2 మీటర్లు, ఫోన్ ఎత్తు 150 సెం.మీ., మనిషి మొత్తం పట్టేందుకు కాస్త కిందికి వంచాం. మోడల్ కాళ్లు కవట నుంచి మడమ దాకా నిజంగా అతని ఎత్తులో 47 శాతం. ఫొటోలో కొలిస్తే 42 శాతమే. తల పెద్దదై, పాదాలు కుంచించుకుపోయాయి. ఆ ఫొటో మీంచి గీస్తే ఎంత బాగా రంగు వేసినా మనిషి పొట్టిగానే వస్తాడు. అన్నీ పారేశాం.

రెండోసారి 85 మి.మీ. లెన్సు, 5 మీటర్ల దూరం. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు ఉన్న) కెమెరాను నిలువుగా పెడితే ఫ్రేములో దాదాపు 2.1 మీటర్ల ఎత్తు పడుతుంది. కేన్వాసు ఎత్తూ అంతే. కెమెరా ఎత్తు 95 సెం.మీ., అంటే నడుము దగ్గర. రసమట్టం పెట్టి సరిచూశాం, పైకీ కిందికీ వంచలేదు.

ఈ 95 ఊరికే రాలేదు. బొమ్మ కింది అంచు నేల నుంచి 40 సెం.మీ. ఎత్తులో వేలాడుతుంది. కింది అంచు నుంచి పాదాలకు 22, పాదాల నుంచి చూపు గీతకు (కెమెరా ఎత్తుకు) 95. మొత్తం 157 సెం.మీ., అది ఎదురుగా నిలబడి చూసేవారి కంటి ఎత్తు. బొమ్మ ఎక్కడ, ఎంత ఎత్తులో వేలాడుతుందో తెలియకుండా నిలువెత్తు చిత్తరువు మొదలుపెట్టకండి. మా పనిలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన కొలత ఇదే.

బట్టలు. ఇప్పటి సన్నటి పాంటు పనికిరాదు. 1940ల పాంటు నడుం బొడ్డు దాకా ఉంటుంది, కాళ్లు వదులు. దర్జీ చేత అడుగు చుట్టుకొలత 22 అంగుళాలకు కుట్టించాం. అంచు మడతలు పెట్టలేదు. 1942లో యుద్ధకాలపు నిబంధనలతో అమెరికాలో ఆ మడతలు ఆపేశారు, ఆ తర్వాతి సంవత్సరాలకు మడత లేని పాంటు అతకకపోదు. పైన తెల్ల ల్యాబ్ కోటు, గుండీలు పెట్టుకోకుండా, మోకాలి పైదాకా.

కోటుకు ఖాదీ వాడదామా అన్నది ఒక రోజు చర్చ. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖాదీ వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చి, సుబ్బారావుకు ఎంబీబీఎస్ బదులు దానికంటే కింది స్థాయి ఎల్ఎంఎస్ మాత్రమే దక్కింది. ఆ గౌరవం బొమ్మలో చూపాలన్న ఆశ సహజమే. కానీ గీస్తున్నది 1940ల అమెరికా ప్రయోగశాల. ముతక నేత ఆ కోటు మీద అబద్ధం అవుతుంది. మామూలు నూలు డ్రిల్లు గుడ్డకే వెళ్లాం.

కొత్త కోటు కాగితంలా నిలబడింది. మడతలు కత్తిరించినట్టున్నాయి. గంజి లేకుండా మూడుసార్లు ఉతికి, ఇస్త్రీ చేయకుండా ఒక రోజంతా మోడల్ తొడుక్కున్నాక మోచేతి దగ్గర, జేబు దగ్గర నిజమైన మడతలు వచ్చాయి.

*ఈ దశ 9 గంటలు, కోటు 1,400, పాంటు 1,600. ఇప్పటిదాకా: 23 గంటలు, రూ. 16,000.*

దశ 3: గీత (రోజు 17–21)

పాత ఫొటోలో ముఖం మీద వెలుగు మనకు ఎడమవైపు పైనుంచి పడింది. మోడల్‌కు గది కిటికీ కుడివైపున ఉంది. గది మార్చే బదులు మోడల్ ఫొటోను కంప్యూటర్‌లో అద్దంలోలా తిప్పేశాం. బొగ్గుతో మొత్తం గీసి, 5 మీటర్లు వెనక్కి వచ్చి చూస్తే కోటు ఏదో ఆడవాళ్ల కోటులా ఉంది. మగవాళ్ల కోటులో ఎడమ అంచుకు కాజాలు, కుడి అంచుకు గుండీలు ఉంటాయి. పై జేబు ఎడమ రొమ్ము మీద ఉంటుంది. తిప్పిన ఫొటోలో రెండూ తారుమారయ్యాయి. కోటు ఒక్కటే సరిచేద్దామంటే మడతలన్నీ ఎదురు తిరిగాయి. 5 గంటల గీత తుడిచేసి, కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఎడమవైపు దీపం పెట్టి మళ్లీ ఫొటోలు తీశాం. అప్పటికి దీపాన్ని 3 మీటర్ల దూరంలో పెట్టాం, అది కూడా తప్పే. దశ 6లో తేలింది.

గీత దించిన వరుస:

1. కేన్వాసు నడుమ గుండు కట్టిన దారం వేలాడదీసి, దాని వెంట సుద్ద గీత.
2. కింది అంచు నుంచి గుర్తులు: మడమ 22, మోకాలు 67, కవట 99.5, చూపు గీత 117, గడ్డం 165, నడినెత్తి 187 సెం.మీ.
3. బరువు మోసే కాలి మడమ, మెడ గుంట ఒకే నిలువు గీత మీద పడాలి. మాది మొదట 6 సెం.మీ. తప్పింది. మనిషి పక్కకు ఒరుగుతున్నట్టు కనిపించింది.
4. ఫొటోలో తల 4.4 సెం.మీ. గళ్లు వేసి ఐదింతలు పెంచి దించాం.
5. గీత మొత్తాన్ని చేత్తో పట్టుకున్న అద్దంలో వెనకనుంచి చూశాం. కళ్లు ఒక గీత మీద లేకపోతే అద్దం వెంటనే పట్టిస్తుంది.

*ఈ దశ 11 గంటలు, అందులో 5 వృథా. బొగ్గు, ఫిక్సెటివ్ (బొగ్గు చెరగకుండా చల్లేది) 450. ఇప్పటిదాకా: 34 గంటలు, రూ. 16,450.*

దశ 4: ముఖం, విడిగా మూడు ప్రయత్నాలు (రోజు 22–33)

పెద్ద కేన్వాసు మీద ముఖం నేర్చుకోవద్దు. 40 × 50 సెం.మీ. పలక మీద మూడు స్టడీలు (సాధన బొమ్మలు) చేశాం.

నలుపు తెలుపు ఫొటో నుంచి చర్మం రంగు రాదు. వెలుగునీడల లెక్క కూడా నేరుగా నమ్మడానికి లేదు. పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపును సరిగా పట్టదు కాబట్టి గోధుమ చర్మం, పెదవులు ఉన్నదానికంటే నల్లగా వస్తాయి. తర్వాతి పాన్‌క్రొమాటిక్ ఫిల్ము అన్ని రంగులనూ పడుతుంది కాబట్టి కొంత మెరుగు. స్టూడియోలో రీటచ్ చేస్తే ముడతలు పోయి, ఎముక ఆకారం మసకబారుతుంది. మేం ఫొటో నుంచి ఎముక, నీడ ఆకారాలు మాత్రమే తీసుకున్నాం. రంగు మాత్రం అదే వయసు, అదే ఛాయ ఉన్న మనిషిని అదే దీపం కింద కూర్చోబెట్టి తీసుకున్నాం.

మొదటి స్టడీ బూడిద పూసినట్టు వచ్చింది. వెలుగు వైపు తేల్చడానికి టైటానియం తెలుపు కలుపుకుంటూ పోవడమే కారణం. ఈ తెలుపు చల్లన, గోధుమ చర్మంలోని ఎరుపునూ పసుపునూ చంపేస్తుంది. రెండోదానిలో తెలుపు దాదాపు మానేసి ఎల్లో ఆకర్, కాడ్మియం ఆరంజ్‌తో తేల్చాం. ఇది ఇటుక రంగుకు తిరిగింది. మూడోదానిలో కుదిరిన మిశ్రమాలు:

- వెలుగు వైపు: ఎల్లో ఆకర్ 3 పాళ్లు, బర్న్ట్ సియెన్నా 2, కాడ్మియం ఆరంజ్ అర, తెలుపు అర.
- వెలుగునీడల మధ్య: ఎల్లో ఆకర్ 2, బర్న్ట్ సియెన్నా 2, అల్ట్రామెరీన్ పావు.
- నీడ: ట్రాన్స్‌పరెంట్ ఆక్సైడ్ రెడ్ 2, అల్ట్రామెరీన్ 1. తెలుపు అసలు వద్దు, పల్చగా.
- నుదుటి మెరుపు: తెలుపు, చిటికెడు అల్ట్రామెరీన్, చిటికెడు మధ్యరంగు. మన చర్మం మీద మెరుపు చల్లగానే ఉంటుంది. దాన్ని పసుపు చేస్తే నూనె రాసుకున్న ముఖమవుతుంది.

*ఈ దశ 21 గంటలు. రంగులు, నూనె, పలకలు 5,200. ఇప్పటిదాకా: 55 గంటలు, రూ. 21,650.*

దశ 5: కింది పూత (రోజు 34–38)

బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్, టర్పెంటైన్, కొద్దిగా ఆల్కిడ్ మీడియం (రంగు త్వరగా ఆరేందుకు కలిపేది). నీడలన్నీ ఒకే ముదురుతో, వెలుగులు నేలరంగుతోనే వదిలి. వానలవల్ల ఆరడానికి రెండు రోజులు పట్టింది. నూనె గుడ్డలు కుప్పగా వదలకండి, అవి వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లున్న మూత డబ్బాలో వేయాలి.

*12 గంటలు, రూ. 600. ఇప్పటిదాకా: 67 గంటలు, రూ. 22,250.*

దశ 6: తెల్ల కోటు (రోజు 39–58)

పని మొత్తంలో ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. పాఠం అంతా కూడా ఇక్కడే ఉంది.

మొదటిసారి కోటును కంటికి కనిపించినట్టు తెల్లగా వేశాం. దగ్గరగా చూస్తే బాగుంది. 5 మీటర్ల నుంచి చూస్తే కోటు నడిచి వస్తోంది, ముఖం కనపడటం లేదు. నలుపు 0 నుంచి తెలుపు 10 దాకా బూడిదరంగు మెట్లున్న కార్డుకు చిన్న రంధ్రం చేసి, బొమ్మ మీద పెట్టి కొలిచాం:

ముఖం వెలుగు 5, నీడ 3, మెరుపు 6.5.
కోటు వెలుగు 9, నీడ 6.5.

అంటే కోటు నీడలో ఉన్న చోటు కూడా ముఖంలోని అతి పెద్ద మెరుపుతో సమానం. ఇలా ఉంటే ముఖాన్ని ఎంత చెక్కినా లాభం లేదు.  ముఖాన్ని తేల్చి తెల్లబరచడం కొందరు చేసే తప్పుడు మందు. ఆయన ఛాయ ఆయనదే, దాన్ని మార్చే హక్కు చిత్రకారుడికి లేదు. దిగాల్సింది కోటే.

రంగుతో మాత్రమే దించితే మాసిన కోటు అవుతుంది. వెలుగునే మార్చాలి. మోడల్‌ను మళ్లీ పిలిచాం. దీపాన్ని ముఖానికి 1.2 మీటర్ల దూరంలోకి తెచ్చాం: పక్కకు 1 మీటరు, ముఖం కంటే 66 సెం.మీ. పైన, అంటే నేల నుంచి 220 సెం.మీ. అక్కడి నుంచి కోటు కింది అంచుకు దూరం 1.93 మీటర్లు. వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, ముఖం మీద 100 పాళ్లు పడితే కోటు అంచుమీద 39 పాళ్లే పడతాయి. దీపం 3 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఈ తేడా చాలా తక్కువ. ఇంకా దీపం కింది సగానికి పల్చటి నల్ల గుడ్డ కట్టాం.

కొత్త లెక్క:

1. మెడపట్టీ దగ్గర, ముఖాన్ని ఆనుకుని ఒక్క చీలిక: 8.
2. రొమ్ము మీద కోటు వెలుగు: 7.
3. నడుము కింద వెలుగు: 6, అంచు దగ్గర 5.
4. కోటు నీడ అంతటా: 4 నుంచి 4.5. ఇది ముఖం వెలుగు కంటే ముదురు. ముఖం తేలడానికి ఈ ఒక్క గీత దాటడమే కీలకం.

మిశ్రమాలు: వెలుగుకు తెలుపు, కొద్దిగా ఎల్లో ఆకర్, ఐవరీ బ్లాక్. నీడకు తెలుపు, అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా. నేల నుంచి పైకి తన్నే వెచ్చటి వెలుగు కోటు లోపలి అంచుమీద తప్పక వేయాలి. అది లేకపోతే కోటు సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. గొట్టంలోంచి వచ్చిన వట్టి తెలుపు ఇంత పెద్ద కోటులో మూడు చోట్లే ఉంది: మెడపట్టీ అంచు, ఒక గుండీ, చేతి అంచు.

మడతల్లో మొదట వేసినవి 31. చివరకు ఉంచినవి 12. భుజం నుంచి, మోచేతి నుంచి, జేబులోని చేతి నుంచి బయల్దేరేవి చాలు. మిగతావి కన్ను తిరిగే దారిని తెంపుతున్నాయి.

ఒక నష్టం: పాంటును ఐవరీ బ్లాక్ ఎక్కువగా ఉన్న రంగుతో వేసి, 6 రోజులకే దానిమీద టర్పెంటైన్ ఎక్కువైన అంబర్ పూత వేశాం. ఐవరీ బ్లాక్ నెమ్మదిగా ఆరుతుంది, అంబర్ త్వరగా ఆరుతుంది. పైది బిగుసుకుని, కిందిది ఇంకా కదులుతుంటే వెంట్రుకంత పగుళ్లు వచ్చాయి. మోకాలి దగ్గర 20 × 15 సెం.మీ. మేర గీరేసి మళ్లీ వేశాం. కింద నూనె తక్కువ, పైన ఎక్కువ అన్న సూత్రం అందరికీ తెలుసు. ఏ రంగు ఎంత త్వరగా ఆరుతుందన్నది దానితోపాటే చూసుకోవాలి. ఇప్పుడు నలుపు బదులు బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్ కలిపిన ముదురు వాడుతున్నాం.

*ఈ దశ 26 గంటలు. టైటానియం తెలుపు 200 మి.లీ. గొట్టాలు మూడు, 1,950. ఇప్పటిదాకా: 93 గంటలు, రూ. 24,200.*

దశ 7: వెనక గోడ (రోజు 59–68)

ముదురు గోధుమ రంగుతో మొదలుపెట్టాం, పాత చిత్తరువుల అలవాటు. నల్లటి జుట్టు, ముఖం నీడవైపు అందులో కలిసిపోయి, తల సగం మాయమైంది. ముఖం నీడ 3, జుట్టు 1.5. గోడ 4 దగ్గర ఉంటే రెండూ దానిమీద తేలతాయి. రంగు ఆకుపచ్చ బూడిద: ఐవరీ బ్లాక్, ఎల్లో ఆకర్, తెలుపు. నలుపు, ఆకర్ కలిస్తే వచ్చే ఆ మెత్తటి పచ్చ చర్మంలోని ఎరుపును పైకి తెస్తుంది. ఐవరీ బ్లాక్ ఉన్నా దీనిమీద త్వరగా ఆరే వేరే రంగు పూత రాదు కాబట్టి పగుళ్ల భయం లేదు.

గోడ వైశాల్యం సుమారు 1.3 చదరపు మీటర్లు. 150 మి.లీ. రంగు కలిపితే సుమారు 1.1 చదరపు మీటర్లకు వచ్చి ఆగింది. రెండోసారి కలిపినది తడిగా ఉన్నప్పుడు సరిపోయింది, ఆరాక కుడి భుజం పక్కన నిలువు అతుకు కనిపించింది. మొత్తం మళ్లీ వేయాల్సి వచ్చింది. ఈసారి 260 మి.లీ. ఒకేసారి కలిపి, ఖాళీ గొట్టాల్లో నింపి పెట్టుకున్నాం. 40 మి.లీ. మిగిలింది. ఆ మిగులు చివర్లో తల చుట్టూ అంచులు దిద్దడానికి అక్కరకొచ్చింది.

*17 గంటలు, రూ. 1,700. ఇప్పటిదాకా: 110 గంటలు, రూ. 25,900.*

దశ 8: పాదాలు, నేల, బల్ల (రోజు 69–84)

పాదాల దగ్గర వంగి గీయడం కష్టమని కేన్వాసును 75 సెం.మీ. బల్లమీదికి ఎక్కించాం. పని సులువైంది, బొమ్మ పాడైంది. కంటికి ఎదురుగా సరిగ్గా కనిపించిన బూట్లు కేన్వాసు కిందికి దించగానే కురచబారాయి. అప్పటి నుంచి ఎత్తులో గీసినా, ప్రతి అరగంటకూ నేల నుంచి 40 సెం.మీ. ఎత్తుకు దించి 5 మీటర్ల నుంచి చూశాం.

మనిషి గాల్లో తేలుతున్నట్టు ఉండటానికి రెండు కారణాలు దొరికాయి.

ఒకటి, వెనక కాలు. అది ముందు కాలికి 30 సెం.మీ. వెనక ఉంది. చూపు గీత 95 సెం.మీ. ఎత్తు, దూరం 5 మీటర్లు అయితే 95 × 5 ÷ 5.3 = 89.6. కాబట్టి వెనక మడమ 5.4 సెం.మీ. పైకి రావాలి. మేం అంచనాతో 2 సెం.మీ. పెట్టాం. అందుకే ఆ కాలు మునివేళ్ల మీద నిలబడ్డట్టు ఉంది. ఇలాంటిచోట కన్ను మీద ఆధారపడకుండా లెక్క కట్టడమే దారి.

రెండు, తాకుడు నీడ. బూటు అడుగు నేలను తాకేచోట 3 మి.మీ. వెడల్పు గీత బొమ్మ మొత్తంలోకెల్లా ముదురు కావాలి. దాన్ని మెత్తగా రుద్దేశాం. మళ్లీ గట్టి అంచుతో వేశాక బూటు నేలమీద కూర్చుంది. దూరం పోయేకొద్దీ నీడ అంచు మెత్తబడాలి.

బల్ల ఎత్తు 76 సెం.మీ. చూపు గీతకు 19 సెం.మీ. మాత్రమే కింద. కాబట్టి బల్ల పైభాగం సన్నటి పట్టీగా కనిపించాలి. కలరీమీటర్ గాజు గిన్నెలు బల్ల నుంచి దాదాపు 20 సెం.మీ. పైన ఉంటాయి, అంటే సరిగ్గా చూపు గీత మీద. అక్కడ గిన్నె మూతి గుండ్రంగా కనిపించదు, అడ్డగీతలా కనిపిస్తుంది. మొదట అలవాటుగా కోడిగుడ్డు ఆకారం వేశాం. పరికరం ముందుకు ఒరిగి పడబోతున్నట్టు తోచింది. పైనున్న కంటి గొట్టం చూపు గీతకు పైన ఉంది కాబట్టి దాని వంపు పైకి, పసుపు పొడి పళ్లెం వంపు కిందికి.

నీలి ద్రావణానికి ప్రష్యన్ బ్లూ, అల్ట్రామెరీన్. రెండు గిన్నెల్లో కలిపి 6 చదరపు సెం.మీ. కూడా లేదు. అయినా వెచ్చటి గోధుమల మధ్య కన్ను నేరుగా అక్కడికే పోయింది. బర్న్ట్ సియెన్నా చిటికెడు కలిపి సగం చల్లార్చాం. రెండు గిన్నెల నీలం ఒకేలా ఉండకూడదు. కుడిది ఒక మెట్టు చిక్కగా వేశాం. పోల్చడమే ఆ పరికరం పని. పసుపు పొడికి కాడ్మియం ఎల్లో డీప్, ఆకర్. గడ్డలుగా ఉన్న అంచు కత్తితో వేస్తేనే పొడిలా వచ్చింది, కుంచెతో వేసినప్పుడు హల్వా ముక్కలా ఉంది.

*22 గంటలు, రూ. 400. ఇప్పటిదాకా: 132 గంటలు, రూ. 26,300.*

దశ 9: ముఖం, పెద్ద కేన్వాసు మీద (రోజు 85–93)

మూడో స్టడీని పక్కన పెట్టుకుని గీశాం. గోడ, కోటు సరైన మెట్టులో ఉండటంతో కొత్త సమస్య తక్కువ. మార్చినవి రెండే. కంటి తెల్లగుడ్డును 6 నుంచి 4కి దించాం, అది వరకు కళ్లు బెదిరినట్టున్నాయి. ఎడమ చెంప అంచును గోడలోకి కరిగించాం. చుట్టూ గట్టి అంచు ఉంటే తల అంటించినట్టు ఉంటుంది. ఫొటో మీంచి తెచ్చిన తలకూ మోడల్ మీంచి తెచ్చిన ఒంటికీ అతుకు మెడ దగ్గర బయటపడుతుంది. మెడపట్టీ నీడ మెడ మీద, మెడ రంగు పట్టీ లోపలి అంచు మీద కొద్దిగా తోస్తే అతుకు పోయింది.

*19 గంటలు. ఇప్పటిదాకా: 151 గంటలు, రూ. 26,300.*

దశ 10: మాడిన మచ్చలు, పైపూత (రోజు 94–110)

ఆరాక పాంటు మీద, గోడ కింది భాగంలో రంగు మెరుపు పోయి మాడింది. నూనె కింది పూతలోకి ఇంకిపోతే ఇలా అవుతుంది. అక్కడ ముదురు ఒక మెట్టు తేలికగా కనిపిస్తుంది. దాన్ని చూసి రంగు మార్చకండి.

1. లిన్సీడ్ నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలపాలి.
2. మాడిన చోట మాత్రమే మెత్తటి గుడ్డతో రాసి, పది నిమిషాలకు పొడి గుడ్డతో తుడిచేయాలి. వేలితో తాకితే జిడ్డు తగలకూడదు.
3. మళ్లీ మాడితే వారం ఆగి రెండోసారి.

పాంటుకు రెండుసార్లు, గోడకు ఒకసారి పట్టింది. ఆ తర్వాత రీటచ్ వార్నిష్ (తాత్కాలిక పైపూత) పల్చగా ఒక పూత. అసలు వార్నిష్ ఇప్పుడే కాదు. కోటు మెడపట్టీ దగ్గర తెలుపు మందంగా ఉంది, లోపలిదాకా ఆరడానికి కనీసం ఆరు నెలలు, మందపు చోట్ల ఏడాది ఆగాలి.

*8 గంటలు, రూ. 750. మొత్తం: 159 గంటలు, రూ. 27,050. పటం చట్రం ఖర్చు ఇందులో లేదు.*

వేలాడదీసేటప్పుడు కింది అంచు నేల నుంచి 40 సెం.మీ. దగ్గర ఉంచి, పై అంచు గోడ నుంచి 2 సెం.మీ. ముందుకు వంచాం. పైనున్న ట్యూబులైటు మెరుపు ముఖం మీద నుంచి తప్పుకుంది. వెనక గోడకు తేమ ఉంది కాబట్టి కింది రెండు మూలల్లో 1 సెం.మీ. కార్కు ముక్కలు అంటించి గాలి ఆడేలా చేశాం. వానాకాలం పోయాక గుడ్డ బిగువు చూసి మూలల చెక్క చీలలు తట్టాలి, ఒక్కో మూలకు ఒకే దెబ్బ, నాలుగూ వరసగా.